గుణింతం తప్పు

కాశిబుగ్గల నాది ఫ్లెక్సీల కొట్టు.
అక్షరం తప్పు పోతే మళ్ల కొట్టేది నా ఖర్చే.
పోయినేడు "శుభాకాంక్షలు"ల దీర్ఘం మింగి
పన్నెండొందలు మునిగిన.
అందుకే డాక్టరమ్మ చెప్పింది
మా ఇంట్ల నాకొక్కనికే తొందరగ సమజైంది.

సారంగం చిన్నాయన కాలేయం ముక్క
హైదరాబాదు పోయి కాగితమై తిరిగొచ్చింది.
కాపలా కాసే జన్యువట అది,
కణం అడ్డగోలుగ పెరగవోతే ఆగుమనేది.
దాంట్ల రెండు వందల నలభై తొమ్మిదో మాట.
జి ఉండాల్సిన కాడ టి పడ్డది.
ఒక్క అక్షరం.
"బూజు విషం ఎక్కువ ఈడనే గీకుతది" అన్నది.
"ఏం తినేటోడు?"

ఏం తింటడు.
ఎనుమాముల యార్డుల ముప్పై ఏండ్లు బస్తాలు మోసిండు.
ఓడెక్కే మిర్చికి పరీక్ష ఉంటది, ముద్ర ఉంటది.
వానకు తడిసి తెల్లవడ్డ తాలుకు ఏముంటది?
అది చిన్నాయన తువ్వాలల మూటై
మా వాడకు నడిచొచ్చేది.
చిన్నమ్మ తొడిమలు తీసి దంచుతుంటే
నాలుగిండ్ల దాంక తుమ్ములు.
పల్లిగింజ నల్లగ చేదు తగిలినా ఉమ్మకపోవు,
ఇంత బెల్లం కొరికి మింగేటోడు.
"పారేస్తె పాపం తగుల్తది బిడ్డా."

కండ్లు పచ్చవడ్డయి. పసరు పోయించినం.
కడుపు నీళ్లకుండైంది.
చూడవచ్చినోళ్లు గడప దిగంగనే
ఒకరి చెవుల ఒకరు:
"బాగ తాగెటోడు గావచ్చు."
కల్లు వాసనకే ముక్కు మూసుకునే మనిషి.
చిన్నమ్మ కొంగు నోట్లె కుక్కుకున్నది,
ఎవ్వరికని చెప్తది, ఎన్నిసార్లు?

ఇయ్యాల రాత్రి పెద్దకర్మ ఫ్లెక్సీ నేనే కొడుతున్న.
హమాలీ కార్డు మీది ఫొటో,
పెద్దగ చేస్తుంటే మొఖం చుక్కలు చుక్కలైతున్నది.
వేళ్లు ఊకెనే కూడు అని కొట్టినయి.
కొమ్ముదీర్ఘం తీసి గుడిదీర్ఘం పెట్టిన.
కీడు.
గంతే దూరం.
వెనక్కి మీట నొక్కిన, రెండూ పోయినయి.
తెర మీదైతె పోతయి.

పేరు కింద, తారీఖుల కింద
ఒక వరుస చేర్చిన, చిన్నగ.
బెంచీ మీద కూసున్న చిన్నమ్మకు చదువు రాదు.
"ఏం రాసినవ్ రా?"
"ఈయన తాగలేదు."
జరసేపు తెరనే చూసింది.

"ఇంకింత పెద్దగ చెయ్యి" అన్నది.