చీటీ మీద టైము

కొండమీద గేటు కాడ
కార్లోళ్ళ చీటీల మీద టైము కొడతారు.
చెప్పిన టైముకంటే ముందే కిందికి దిగితే
అలిపిరిలో జరిమానా.
తొందరగా రావడం తప్పయ్యే రోడ్డు
నాకు తెలిసి ఇదొక్కటే.

నువ్వు పుట్టినప్పుడు
నీ చేతిలో అట్లాంటి చీటీ ఎవరూ పెట్టలేదు పాపా.
నిన్నగాక మొన్న ఇంజను బానెట్ మీద కూర్చోని
మలుపు మలుపుకీ హారన్ నేనే కొడతానని మారాం చేసినదానివి,
ఈ పొద్దు ఉద్యోగం ఆర్డరు తెచ్చి
నా టిఫిను క్యారేజీ మీద పెట్టినావు.
అందులో జ్ఞానప్రసూన అని పూర్తి పేరుంది.
పాప అని ఎక్కడా లేదు.
జరిమానా ఎవరికి రాయాల?

పాసీఘాట్ అంట.
"ఘాట్ రోడ్డా, అయితే భయం లేదులే" అన్నా.
నవ్వినావు.
అక్కడ ఘాట్ అంటే ఏటిగట్టంట.
నీ పని ఏటిని కొలవడమంట,
పొద్దునా మాపునా ఎంత ఎత్తుందో చూసి
పైవాళ్ళకి చెప్పడమంట.
మన స్వర్ణముఖిలో నీళ్ళు చూడాలంటే
తుఫాను రావాల.
ఇసక తప్ప ఏరెరగని బిడ్డకి
ఈ పని ఎవరిచ్చినారో!

ముప్పై ఏళ్ళుగా ఎక్కతా దిగతా ఉండా.
మీ అమ్మ ఒకసారి లెక్కేసింది,
భూమిని ఇరవైసార్లకు తక్కువ లేకుండా చుట్టొచ్చినానంట.
అంత తిరిగినా
రాత్రయితే కొర్లగుంటలో మన గడప ముందు
చెప్పులు విడిచినోణ్ణే.
ఎక్కే దారి వేరు, దిగే దారి వేరని తెలుసు గానీ
తిరిగిరాని దారి నాకు తెలీదు.

మలుపుల్లో కక్కుకునే పిల్లోళ్ళ కోసం
సీటు కింద నిమ్మకాయలు పెట్టుకుంటా, నీకు తెలుసు గదా.
ఎవరి బిడ్డయినా సరే, బండి నిదానం చేసి
"కాళ్ళకాడ చూడద్దు, దూరంగా చూడు" అంటా.

రేణిగుంట స్టేషన్లో
రైలింకా కదల్లేదు.
ప్లాట్‌ఫారం పలక మాదిరి చదునుగా ఉంది.
మీ అమ్మ ఊరిబిండి డబ్బా మూత
బిగించిందే బిగిస్తా ఉంది.
ముప్పై ఏళ్ళలో ఏ మలుపులోనూ తిరగని కడుపు
అక్కడ తిరిగింది.
స్తంభం పట్టుకున్నా.
కిటికీలోనుంచి చెయ్యి చాపి
నువ్వొక నిమ్మకాయ ఇచ్చినావు.
నా సీటు కిందిదే. ఎప్పుడు తీసుకున్నావో.
"దూరంగా చూడు నాయనా" అన్నావు.

చూస్తా ఉండా.

నీకాడ నాలుగున్నరకే తెల్లారిపోతుందంట.
నేను ఫస్ట్ బండి తీసేటప్పటికి
ఇక్కడ లైట్లు వేసుకోవాల.
ఒకే దేశం, ఒకే గడియారం,
నీకు ఎండ, నాకు చీకటి.
ఫోన్లో "ఎట్లుండావు" అనడం నాకు చాతకాదు.
"తిన్నావా" అనేది మీ అమ్మ వాటా.
అందుకని అడగతా,
"ఏరెంతుంది పాపా?"
నువ్వొక అంకె చెప్తావు,
మీటర్లలో, చుక్క తర్వాత రెండంకెలతో సహా.
ట్రిప్పు షీటు వెనకాల రాసుకుంటా.
నిన్నటికంటే తగ్గిందంటే
మొదటి మలుపులో
ఒక హారన్ ఎక్కువ కొడతా.

కండక్టరు చెంగల్రాయులు తల గోక్కుంటాడు,
"ఎదురుబండి రాని రోడ్డిది గదన్నా,
హారన్ ఎవరికి?"