వెంట్రుకవాసి

లిబెరెట్స్‌లో మంచు. ఆదివారం గనక
తాతను ఫ్యాక్టరీ లోపలికి రానిచ్చారు.
డ్రమ్ము తిరుగుతోంది, జిగురులో మునిగి లేస్తూ.
వేల వోల్టులు లాగితే
పోగులు పైకెగురుతున్నాయి.
పొగ అనుకుంటారు కొత్తవాళ్లు.

"దారమేదే, క్వేతా?" అన్నాడు.
నలభై ఏళ్లు మిల్లులో
తెగిన పోగును చూడకుండానే ముడేసిన వేళ్లు
గాజుపలక మీద తడుముకున్నాయి.

వెంట్రుకవాసి అంటే ఎంతో తక్కువనుకుంటాం.
ఇక్కడ వెంట్రుక ఒక దూలం.
నిలువునా వెయ్యి పాయలు చీలిస్తే
అందులో ఒకటి, తాతా, ఈ దారం.

ఆసుపత్రి గాలికి జల్లెడ,
కాలిన ఒంటికి పైపొర,
బ్యాటరీలో రెండు కొసల నడుమ అడ్డుగోడ...
చెబుతూనే పోయాను.
కరపత్రం చదువుతున్నట్టు నాకే అనిపించింది.

ఆయన వినడం లేదు.
జేబులోంచి ఎర్ర గాజు గుండీ తీశాడు,
వాళ్ల నాన్న కొలిమి దగ్గర చేసినది.
"ఇందులో బంగారం ఉందట. మరి పచ్చగా లేదేం?"

కంటికానని నలుసులైతే
బంగారం ఎర్రబడుతుంది, అన్నాను.

"అయితే మా నాన్న కూడా..."
ఆగిపోయాడు.
గుండీని యంత్రం వెలుగుకెత్తి పట్టుకున్నాడు.
తెల్లటి కోటు మీద
చిన్న ఎర్ర మరక, కదులుతూ.