అబద్ధపు మనుషులు

ఉల్లపూల్ రేవు దాకా కారులో దింపుతూ
మర్డో రెండుసార్లు చెప్పాడు,
"అక్కడేం లేదు, రాళ్లే."
రాళ్లు చూడ్డానికి సెలవు పెట్టిన మనిషిని
అతను ఇంతవరకూ చూడలేదట.
ఇన్వర్నెస్‌లో మేమిద్దరం చేసేదీ రాళ్ల పనే,
పోయినవాళ్ల పేర్లు చెక్కడం.

మూడు గంటలు కడుపులో సముద్రం.
స్టోర్నోవేలో బస్సెక్కితే నేనూ, డ్రైవరూ.
దారిలో చెట్టన్నది లేదు.
బాడవ నేల, నీటిగుంటలు,
పిడకల్లా కోసి ఎండబెట్టిన నల్లమట్టి గడ్డలు.
ఎండ మాత్రం ఎక్కడా లేదు.

కాలనిష్‌లో మలుపు తిరగ్గానే
దిబ్బ మీద నిలబడి ఉన్నారు.
ఉన్నాయి, అనాలి.
రాళ్లని తెలిసి వచ్చినా
నోటికి ముందు "ఉన్నారు" అనే వచ్చింది.

చీమకుర్తి క్వారీలో పదకొండేళ్లు
సుద్దముక్క పట్టుకు తిరిగాను.
బ్లాకు మీద బకెట్టెడు నీళ్లు కొట్టి
ఆరేదాకా చూడాలి.
అంతా ఆరినా ఆరనిది పగులు.
దాని మీద గీత గీస్తే
కొనేవాడు అక్కడికి ధర తగ్గిస్తాడు,
ఓనరు నా వైపు గుర్రుగా చూస్తాడు.

అందుకే భక్తేమీ కలగలేదు.
ధర కట్టాను.
ఇది పొరలు లేస్తుంది. అది మధ్యకి చీలుతుంది.
దీనికి తెల్లచార, దానికి మొల దగ్గర నల్లటి గడ్డ.
డ్రిల్లు పడిన గుర్తు లేదు, మేకు దిగిన గుర్తు లేదు.
ముక్కూ మొహం ఎవరూ చెక్కకుండానే
ఒకడు భుజం వంచుకున్నాడు.
చంకలో బిడ్డ ఉన్నట్టు
ఒకామె పక్కకి ఒరిగింది.
ఐదు వేల ఏళ్లుగా
ఎవరూ వాళ్లకి బేరం పెట్టలేదు.

వాన ఇలా వచ్చి అలా పోయింది.
గాలికి రాళ్లు ఆరుతున్నాయి.
చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది,
సుద్ద కోసం.

గొర్రెలకి దాణా బకెట్టు మోస్తూ కర్స్టీ ఆగింది.
డెబ్బై దాటి ఉంటాయి. మగవాళ్ల బూట్లు.
"మా భాషలో వీళ్లని అబద్ధపు మనుషులంటారు,
దూరం నుంచి మనుషుల్లా కనపడి మోసం చేస్తారని."
మా మిరప చేలల్లోనూ ఉంటారన్నాను,
కాకపోతే చొక్కాలు తొడుక్కుంటారు.
నవ్వి, ఒక రాతికి నడుము పైన చెయ్యి ఆనించింది.
ఇక్కడి దాకా మట్టిలోనే ఉండేవారట,
ఆమె ముత్తాత పుట్టకముందు తవ్వి తీశారట.
"కింద రంగు తేడా తెలుస్తోందా?"
తెలియలేదు.
తెలుస్తోందన్నాను.

బస్సుకింకా రెండు గంటలుంది.
మా ఆయన్ని కూడా చూద్దువుగాని రమ్మంది.
ఇసుక తిన్నె మీద, సముద్రానికి మొహం పెట్టి
ఊళ్లో వాళ్ల సమాధులు.
నాచు పట్టిన పాత రాళ్ల మధ్య
ఒక్కటే నల్లగా, నున్నగా,
లోపల వెండి చుక్కలు చల్లినట్టు.

నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.
ఆ చుక్కల మధ్య పదకొండేళ్లు అన్నం తిన్నాను.
కాలమ్ మెకాలే, పీతల పడవ యజమాని.
అక్షరాలు మర్డోవి, తోకలు చూస్తే తెలుస్తుంది.
చూడ్డానికేం లేదన్న మనిషి.

"దూరం నుంచి తెప్పించారట. మంచిదేనా?"
అడిగింది కర్స్టీ.
వాన తడి ఇంకా ఉంది.
పెదవి విప్పకుండా నిలబడ్డాను.
పేరు ఆరింది. పుట్టిన ఏడు ఆరింది.
పోయిన ఏడూ ఆరింది.
ఎడమ మూల, పైన,
వెంట్రుకంత సన్నగా ఒక తడి
అలాగే ఉండిపోయింది.

స్వెట్టరు చేతితో తుడిచాను.
"మంచి రాయండీ," అన్నాను.
ఆమె బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుంది.
గాలి మా ఇద్దరి మీద నుంచీ పోతోంది.
దూరం నుంచి ఎవరైనా చూస్తే
ముగ్గురం అనుకునేవారు.