బాకీ ముందుకు

బోర్డు మీద ఇంకా ‘సాయిలు అండ్ సన్స్’ అనే ఉంది.
సన్స్ అంటే మా నాయన ఒక్కడే.
ఆయన తర్వాత నేను.
పెయింటర్ని పిలిచినప్పుడల్లా మా అమ్మ,
"ఉండనియ్యి, గుర్రాలకు చదువొస్తదా?" అంటుంది.

తాతది నాంపల్లి స్టేషన్ బయట టాంగా.
చాందినీ అని తెల్ల గుర్రం,
ఎడమ చెవి కొస తెగి ఉండేదట.
ఒక వానాకాలం పొద్దున అది లేవలేదు.
నారాయణగూడ పశువుల దవాఖాన దాకా నడవలేదు,
బండి మీద తీసుకుపోదామంటే
ఆ బండి లాగేది అదే.

ఖుద్దూస్ భాయ్ ఉల్లిగడ్డలు దించి
ఖాళీ లారీతో పోతుండె.
పలక వేసి, పదిమంది భుజాలు పెట్టి ఎక్కించారు.
తాత లోపలే నిలబడ్డాడు,
దాని తల పొట్టకు ఆనించుకొని.
మొజంజాహీ దగ్గర బ్రేకు పడితే
పన్నెండేళ్లు తనను లాగిన ఒళ్లు
మొదటిసారి తన మీదికి ఒరిగింది.

దవాఖాన గేటు దాటలేదు చాందినీ.
కిరాయి పదకొండు రూపాయలు.
"సచ్చినదానికి కిరాయేంది సాయిలూ" అని
ఖుద్దూస్ భాయ్ చెయ్యి చాపలేదు.

టాంగా పోయింది, నానమ్మ మేకలు పోయినయి,
ఒక పాత లారీ వచ్చింది.
గోడలకు బొంతలు కుట్టాడు, కింద ఊక పరిచాడు,
గుర్రం కంటి ఎత్తులో కిటికీ కోయించాడు.
మలక్‌పేట నుంచి బెంగళూరుకి, మైసూరుకి, ఊటీకి
పందెం గుర్రాలు.
డ్రైవర్లకు నేర్పింది ఒకటే మాట:
"బ్రేకు మీద కాలు పెట్టేటప్పుడు
నీ తల్లి ఎనక నిలబడ్డదనుకో."

ఇప్పుడు ఏసీ ఉంది, కెమెరా ఉంది,
మా ఇంటికంటే ఖరీదైన కాళ్లకు ఇన్సూరెన్సు ఉంది.
ఖాతా పుస్తకంలో మొదటి పద్దు మాత్రం అదే:
‘చాందినీ. నాంపల్లి టు నారాయణగూడ. 11 రూ. బాకీ, సాయిలు.’
ఏటా దసరాకి కొత్త పుస్తకంలోకి
నా చేత్తోనే ఎక్కిస్తాను.
కొట్టెయ్యమని ఆడిటర్ గొడవ.
ఖుద్దూస్ భాయ్ మనవడు మా రెండో బండి నడుపుతాడు.
ఒకసారి పదకొండు రూపాయలు లెక్కపెట్టి ఇవ్వబోతే
చాయ్ గ్లాసు అడ్డం పెట్టి, "తర్వాత చూద్దాం అక్కా" అన్నాడు.

రాత్రి రెండు గంటలు.
కొత్త ఆడపిల్ల, మూడేళ్లది, చెమటలు పట్టి
ఒక కాలు పలక మీద, మూడు కాళ్లు నేల మీద.
అతను ఇంజన్ ఆపేశాడు.
నేను బెల్లం ముక్క పట్టుకొని నిలబడ్డాను.
తొందరేం లేదు.