నలభై మూడో బండి

గుడిపాల దాటినాక గుజ్జు ఫ్యాక్టరీ గేటు.
గేటు కాడినుంచి మా బండి దాకా నలభై రెండు ట్రాక్టర్లు.
నాది నలభై మూడు.
వాచ్‌మన్ చీటీ మీద రాసిచ్చిన అంకె,
చెమటకి నీలం సిరా రొంత పారి
మూడు ఎనిమిదిలా కనిపిస్తా ఉండాది.

ఇది రెండో రాత్రి.
కాయ ధర నిన్న ఒకటి, ఈ పొద్దున ఒకటి,
సాయంత్రానికి అడిగేవాళ్లే లేరు.
నాలుగు టన్నుల బెంగళూరా కాయలు
పట్ట కింద ఉడుకుతా ఉండాయి.
వాసన తియ్యగా తిరిగేకొద్దీ గుండె దడ.
తీపి వాసనకి ఎవురైనా భయపడతారా?
మేం పడతాం.

ట్రాక్టరు బాడుగ రోజు లెక్కన.
డ్రైవరు ఖాదర్‌బాషా రెండో రోజుది అడగలేదు.
"నిలబడుకున్న బండి డీజలు తాగదు గదక్కా" అన్నాడు.
వాళ్ల ఓనరు ఊరుకోడని ఇద్దరికీ తెలుసు.
నేను థాంక్స్ అనలేదు, ఆ మాట నా నోట తిరగదు.
నా దుప్పటి వాడికిచ్చి
గోనెసంచి మీద కూర్చున్నా.

ముందు బండి మొగిలప్పది, యాదమరి తట్టు మనిషి.
నిన్న రాత్రి అందరికన్నా గట్టిగా తిట్టినోడు:
గేటుని, గుజ్జుని, తోటని,
తోట పెట్టి సచ్చిపోయిన వాళ్ల నాయన్ని.
పొద్దున్నే ఆ మనిషే
యాడనో బోరు చూసుకోని బిందెతో వచ్చి
వెనక ఆఖరి బండి దాకా పోయినాడు,
"నీళ్లు కావాల్నా, నీళ్లు?"
తిడతానే పోసినాడు. దోసిలి పట్టినాం.

ఇంట్లో ఆయనకి కుడిచెయ్యి ఇంకా లేవలేదు.
రుయాలో డాక్టరమ్మ "చూద్దాం" అనింది.
చూద్దాం అంటే అవుననా, కాదనా?
ఫోనులో అడిగితే
"ఈ పొద్దు చూపుడువేలు కదిలింది" అంటాడు.
నిజంగానే కదిలిందో, నాకోసం చెప్తాడో.
ఫోను ఏ చేత్తో ఎత్తినాడని
నేను అడగలేదు.

నడిజాము దాటినాక ఆకలేసింది.
పట్ట పైకెత్తి చెయ్యి పెడితే
మూలన ఒకటి మెత్తగా తగిలింది.
ఫ్యాక్టరీ తీసుకోదు, పారేసేదే.
కొరికినా.
పద్దెనిమిదేండ్లు ఆ చెట్లకి నీళ్లు మోసినా,
మోసేదానికి లేనప్పుడు ట్యాంకరు కొన్నా,
ట్యాంకరుకి కమ్మలు కుదవ పెట్టినా.
పచ్చిగా కోసి అమ్మడమేగానీ
పండుదాకా ఉంచిందెప్పుడు?
ముక్కు కాడ పులుపు, మధ్యలో తీపి,
రసం మోచేతి దాకా కారింది.
ఏడుపొస్తుందనుకున్నా. రాలేదు.
ఇంకొకటి వెతికినా.

ఖాదర్‌ని లేపి సగం పెట్టినా.
మొగిలప్పకొకటి.
ఆయన కొరికి, కాసేపు నమల్లేదు.
"మన కాయ ఇంత బాగుంటాదా" అన్నాడు
తిట్టు మరిచిపోయి.
నలభై ఏండ్ల తోట ఆయనది.

ముట్టె కడిగి కొంగున ముడేసుకున్నా.
అంటుచెట్టు ముట్టె నాటితే తల్లి కాయ రాదని
మా తట్టు చిన్నబిడ్డకీ తెలుసు.
పులుపో, ఉత్త పీచో,
ఇంతవరకూ ఎవురూ పేరు పెట్టని తీపో,
ఎనిమిదేండ్లు నీళ్లు పోస్తేగానీ చెప్పదు.
చెయ్యి లేస్తాదో లేదో తెలియని ఇంట్లో
తెలియనిది ఇంకొకటి పెరిగితే ఏమైపోతాది?
బాయి గట్టున రొంత చోటుండాది.

మొబ్బులోనే గేటు కిర్రుమనింది.
ఎవురో ఈలేసినారు.
ఒక్కొక్క ఇంజనూ దగ్గి దగ్గి అందుకునింది.
ఖాదర్ బిస్మిల్లా అనుకున్నాడు,
నేను చీటీని కండ్లకద్దుకున్నా.
బండి రెండు బారలు జరిగి
ఆగిపోయింది.

చీటీ మళ్లా చూసుకున్నా.
మూడు ఇంకా ఎనిమిదిలానే ఉండాది.
నాకన్నా ముందు
నలభై ఒకటి.