మొగ్గ మచ్చలు

జక్కూరు చెరువు మీంచి చలి.
ఈ కిటికీ రెక్క ఎప్పుడూ సరిగ్గా పడదు.
రాత్రి పదకొండున్నర.
గాజు పలక మీద ఒక్క చుక్క,
చుక్కలో ఈస్టు.
కింద బేకరీలో బన్నును ఉబ్బించే ఆ ఈస్టే.
రంగు కలిపి, దీపం మార్చి,
కన్ను ఆనించాను.

తల్లికణం ఒంటి మీద
నీలంగా వెలుగుతున్న సున్నాలు.
ఒక్కో సున్నా ఒక్కో బిడ్డ విడిపోయిన చోటు.
ఆరు దాకా లెక్కపెట్టి
మర కొంచెం తిప్పాను.
వీపు వైపు ఇంకో రెండు.

నిన్న పొద్దున టీ బండి దగ్గర ఉసేనమ్మ అడిగింది
(పక్క స్థలంలో లేస్తున్న అపార్ట్‌మెంటు పని,
కొల్లాపూర్ వైపు మనిషి,
పన్నెండేళ్లుగా బెంగుళూరు ఇటుకల్లోనే బతుకు):
"ఏం జేస్తవ్ బిడ్డా ఆ అద్దాల బిల్డింగుల?"
"గోడలు ఎట్లా కడతారో చూస్తానమ్మా."
తట్ట దించి మరీ నవ్వింది.
"మా తాన జూస్తె అయిపాయె గద!"

చెప్పాను.
ఈ మేస్త్రీ లోపలే ఉండి గోడ కడతాడని.
సిమెంటు లేదు, చక్కెర పేనిన తాళ్లు.
లోపలి నీళ్లు నెడుతూనే ఉంటాయి,
కారు టైరులో గాలి కంటే గట్టిగా.
పెరగాలంటే ఒకచోట
తన గోడను తనే కొరుక్కోవాలి,
ఆ సందులోనే, ఆ క్షణంలోనే
కొత్త పోగు దూర్చాలి.
కొరుకుడు ఎక్కువైతే పగిలిపోతుంది.
పోగులు ఎక్కువైతే బిగుసుకుపోతుంది.

నవ్వు ఆపింది.
"అంటె మనుషులుండంగనే ఇల్లు ఇప్పి కట్టినట్టు."
"అంతే."
"అది శాన కష్టం. కోరమంగలల జేసినం ఒకపారి.
ముసలామె మంచం దిగనన్నది.
మంచం సుట్టే గోడ లేపినం."

మా గైడు మూడు నెలలుగా అడిగేది ఒకటే:
మొగ్గ ఎక్కడ వేయాలో దానికి ఎవరు చెబుతారు?
ప్రొటీన్లు ఒక మూలకు గుమిగూడతాయి.
ఆ మూలకే ఎందుకంటే, పక్కన నిన్నటి మచ్చ ఉంది గనక.
అది అక్కడెందుకంటే, మొన్నటిది.
అన్నిటికంటే ముందుది?
పుట్టినప్పుడు తల్లిని వదిలిన చోటు.
బొడ్డు అని రాసి
కొట్టేశాను. రివ్యూయర్లు ఒప్పుకోరు.

ఇవాళ సాయంత్రం గోడను కరిగించే ఎంజైము పోశాను.
కోలగా ఉన్నవి, మొగ్గ తొడిగినవి,
అన్నీ గుండ్రమైపోయాయి,
ఏది ఎవరో తెలియకుండా.
సార్బిటాల్ చిక్కదనంలో ఉన్నంతసేపు ఉన్నాయి.
తర్వాత ఒక బొట్టు మంచినీళ్లు.
చప్పుడేం రాలేదు.
నోటుబుక్కులో రాసుకున్నాను: నలభై మూడు.

తెల్లారి గేటు దాటుతుంటే
ఉసేనమ్మ కొత్త గోడకు పైపుతో నీళ్లు పడుతోంది.
"తాగనియ్యాలె ఏడు దినాలు. లేకుంటె పర్రెలిస్తది."
తడిసిన మోచేతి మీద
సిమెంటు కాల్చిన మచ్చలు, గుండ్రంగా.
ఒకటి, రెండు...
లెక్క ఆపేసి
టీ చెప్పాను, రెండు.