ఎన్నో కౌంటు

రాత్రి పదికి చలిగది తలుపు తీస్తే
హార్బరు వాసన ముందు లోపలికొస్తుంది,
తర్వాత మైలపిల్లి దానయ్యమ్మ.
చేతులకు తొడుగులు, నెత్తిన ప్లాస్టిక్ టోపీ,
టోపీ కింద పొద్దుటి కనకాంబరాలు.

బెల్టు మీద రొయ్యలు.
బెల్టు పైన, మొన్ననే బిగించిన కెమెరా.
ఆవిడ చెయ్యి ఎటు పోతే అటు చూస్తుంది
కొత్తగా పనిలో చేరిన కుర్రాడిలా. కానీ
టీకి వెళ్లదు, ముక్కు చీదదు.

ముప్పై కౌంటు ఇటు. నలభై అటు.
అంకె పెరిగేకొద్దీ రొయ్య చిన్నది.
మెత్తబడ్డది కింద తొట్టిలోకి.
ఇరవై రెండేళ్లుగా బొటనవేలికి తెలిసింది
పదకొండు రోజుల్లో దానికి పట్టుబడాలని
నా ఫైల్లో రాసి ఉంది.

అది పొరబడినప్పుడల్లా ఆవిణ్ణి అడిగి
'తప్పు' అని నొక్కడం నా ఉద్యోగం.
మొదటి రోజు నాలుగు వందల సార్లు నొక్కాను.
ఆరో రోజు ముప్పై.
తొమ్మిదో రోజు నా వేలికి పనే లేకపోతే
ఆవిడే జాలిపడి జంతిక చేతిలో పెట్టింది.

ఎక్కడో ఎవరో సుంకం పెంచారు,
ఇక్కడ కంటైనర్లు కదలడం మానేశాయి.
ఈక్వడార్ వాడు కిలోకి ఎంత తగ్గించాడో
మా ఎండీ గారు నిద్రలో లేపినా చెబుతారు.
"మనుషుల్ని తీసెయ్యడం కాదమ్మా, నిలబడ్డం" అన్నారు.
అబద్ధం కాదు. అదే ఇబ్బంది.

పగలు కాన్వెంటు జంక్షన్ దగ్గర గదిలో
కిటికీ మీది బొగ్గు ధూళి తుడిచి
వ్యూహం స్లైడ్లు చేశాను.
పన్నెండు మంది చోట ముగ్గురు.
మాటలు నావి కావు, అవీ మెషీనే రాసింది.
నేను కామాలు సరిచేశాను.
రెండు గంటల పని పావుగంటలో తేలింది.
మిగిలిన పొద్దుతో ఏం చెయ్యాలో
ఏ స్లైడులోనూ లేదు.

పదకొండో రోజు ఒక ట్రే దగ్గర
తెరంతా ఆకుపచ్చ: అన్నీ మేలు.
దానయ్యమ్మ ఒకటి ముక్కుకి ఆనించి
"నిన్నటి సరుకు" అంది.
దీనికి ముక్కు లేదని రాసి పంపాను.
రెండో దశలో పెడదామని జవాబు,
ధర కూడా కనుక్కున్నారట.

షిఫ్టు దిగి తొడుగులు విప్పింది.
ఐసుకి నాని తెల్లబారిన వేళ్లు.
"అన్నీ నేర్పీసేను గదా,
గురుదచ్చిన ఏటిత్తాదంట?
ఈ కతలో బొటనేలు గురువుదే పోద్ది"
అని పకపకా నవ్వింది.
నేను ల్యాప్‌టాప్ మూశాను.

నవ్వాపి నావైపు చూసింది,
తల నుంచి కాలి దాకా, తూకం అక్కర్లేని చూపు.
"నువ్వెన్నో కౌంటు గుంటా?"

బయట బోట్లు ఒడ్డుకి తగిలాయి.
ఎవరో అప్పుడే వేలం మొదలుపెట్టారు.